ముప్పై ఆరుగురు కృపారావులు

నెలపర్తిపాడు హైస్కూల్లో సోషల్ మాస్టారు నేలపూడి కృపారావు గారు ఇరవై నాలుగేళ్లుగా ప్రపంచ చరిత్ర చెబుతున్నారు. అంటే ఆయన తరగతిలో ఫ్రెంచి విప్లవం ఇరవై నాలుగుసార్లు వచ్చింది. టైంటేబుల్ వేసేవాళ్ల దయవల్ల ప్రతిసారీ మధ్యాహ్న భోజనం తరవాతి పీరియడులోనే వచ్చింది. ఇరవై నాలుగుసార్లూ రాజుగారి తల ఇంకా మెడ మీద ఉండగానే చివరి రెండు బెంచీలూ నిద్రలోకి జారుకున్నాయి.

ఆయన చెడ్డ మాస్టారేమీ కాదు. రోజూ పొద్దున్నే పేపరు కత్తిరించి, వరండాలో ‘నేటి ప్రపంచం’ అని రాసిన బోర్డు మీద అంటిస్తారు. సాయంత్రం బడి వదిలాక ఆయనే వెళ్లి చదువుకుంటారు, ఎవరూ చదవలేదన్న సంగతి బోర్డుకు తెలియకుండా.

అలాంటి బడికి ఆ ఏడాది డాక్టర్ నఫీసా వచ్చింది. రాజమండ్రి అమ్మాయి. కాకినాడలో ఒక ప్రయోగశాలలో మెదడు మీద పరిశోధన చేస్తోంది. జీపులోంచి ఒక స్టీలు పెట్టె, మూడు అట్టపెట్టెల నిండా టోపీలు దించింది. ఊలు టోపీల్లా ఉన్నాయి గానీ లోపల సన్నటి తీగలు మెరుస్తున్నాయి.

“మీకు గుర్తున్నది పిల్లలకూ గుర్తుంటుంది మాస్టారూ. అంతే” అంది నఫీసా. “మీరు పాఠం మనసులో తలుచుకుంటారు. అప్పుడు మీ మెదడులో మెరుపులు ఒక వరసలో వస్తాయి. ఆ వరసనే ఈ పెట్టె పట్టుకుని వాళ్ల మెదళ్లలో వెలిగిస్తుంది. కాకినాడలో ఒక లెక్కల మాస్టారితో ఎక్కాలు ఎక్కించాం. పిల్లలు ఇప్పటికీ పందొమ్మిదో ఎక్కం నిద్రలో లేపినా చెబుతున్నారు.”

తల్లిదండ్రులను పిలిచి సంతకాలు తీసుకున్నారు. పదో తరగతి భవ్య వాళ్లమ్మ నాగమణి బజార్లో చేపలు అమ్ముతుంది. ఆవిడ టోపీని ఇటూ అటూ తిప్పి చూసి, “నొప్పెడతాదాండీ?” అని అడిగింది.

“లేదమ్మా.”

“అయితే పనిలో పని ఇంగిలీషు కూడా ఎక్కించెయ్యండి.”

ఊళ్లో మాత్రం మాట వేరే రకంగా పాకింది. “కృపారావు మాస్టారు మొత్తం క్లాసుకే టోపీ పెట్టేస్తన్నారంట!” అని టీకొట్టు దగ్గర నవ్వుకున్నారు.

గురువారం పొద్దున పది గంటలకు మాస్టారు కుర్చీలో కూర్చుని టోపీ పెట్టుకున్నారు. ఎదురుగా ముప్పై ఆరుగురు పిల్లలు టోపీలతో, కళ్లు మూసుకుని కూర్చున్నారు. సంకేతం సరిగ్గా వెళ్తోందో లేదో చూడడానికి నఫీసా తానూ ఒక టోపీ పెట్టుకుంది. మాస్టారు ఫ్రెంచి విప్లవం దగ్గర మొదలుపెట్టి రెండో ప్రపంచ యుద్ధం దాకా, ఒక్కొక్క పాఠమే తలుచుకుంటూ వచ్చారు. నలభై నిమిషాలు పట్టింది. తన పాఠం నడుస్తుండగా చివరి బెంచీ కుర్రాళ్లు కళ్లు మూసుకుని ఉండడం ఆయనకు కొత్త కాదు. కానీ ఈసారి వాళ్లు వింటున్నారు.

టోపీలు తీశాక, ఏనాడూ నోరు విప్పని మోకా వీరభద్రాన్ని లేపి, “రష్యా విప్లవం ఏ సంవత్సరం?” అని అడిగారు.

“పందొమ్మిది వందల పదిహేడండి” అన్నాడు వీరభద్రం. అని తనే ఉలిక్కిపడి, తన నోటిని తనే ముట్టుకుని చూసుకున్నాడు.

హెడ్మిస్ట్రెస్ గారు చప్పట్లు కొట్టారు. నఫీసా కళ్లు తుడుచుకుంది. మాస్టారు మాత్రం ఇంటికెళ్లి అన్నం కలుపుకుంటూ భార్యతో, “ఇరవై నాలుగేళ్ల పని నలభై నిమిషాల్లో అయిపోయింది సువార్తా” అన్నారు.

సువార్తమ్మ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. ఏ మాటనైనా ముందు చెయ్యి పట్టుకుని నాడి చూసే రకం. ఆయన మొహంలోకి ఒకసారి చూసి, “మంచిదేగా?” అంది.

“మంచిదే” అన్నారాయన. కలిపిన అన్నాన్నే మళ్లీ కలుపుతూ కూర్చున్నారు.

సోమవారం నుంచి తేడాలు కనిపించడం మొదలైంది.

ఫ్రెంచి విప్లవం అనగానే ముప్పై ఆరుగురికీ ఒక్కసారి ఆకలి వేసింది. అప్పుడే భోజనం చేసి వచ్చినవాళ్లు కూడా పొట్ట పట్టుకున్నారు. రష్యా పేరెత్తగానే కాళ్లు తడిసినట్టు అందరూ పాదాలు బెంచీ మీదికి లాక్కున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం మొదలవగానే క్లాసు క్లాసంతా మోచేతులు గోక్కోవడం మొదలుపెట్టింది.

మాస్టారు వాటిని ఒక్కొక్కటే గుర్తుపట్టారు. ఫ్రెంచి విప్లవం ఆయన డిగ్రీ చదివే రోజుల్లో హాస్టలు మెస్సు మూసేసిన వారంలో చదివారు. రష్యా విప్లవం ద్రాక్షారం బస్టాపులో, వానలో నిలబడి చదివారు. మొదటి ప్రపంచ యుద్ధం చదివినప్పుడు ఆయనకు ఒళ్లంతా చికెన్‌పాక్స్.

ఇంటర్వెల్లో ముందు బెంచీలోంచి భవ్య వచ్చి, పెట్టుకోని కళ్లజోడును మాస్టారిలాగే ముక్కు మీదికి తోసుకుంటూ అడిగింది. “మాస్టారూ, ఎడం మోకాలు ఎలా ఉందండి? మెట్లెక్కేప్పుడు పట్టేస్తోంది కదండీ.”

ఆ మోకాలి సంగతి ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు.

ఆ వారమంతా తల్లిదండ్రులు బడికి వస్తూనే ఉన్నారు. ఒకావిడ కొడుకు పొద్దున్నే పేపరు వెనక పేజీ నుంచి చదువుతూ, “ఈ ప్రపంచం ఎటు పోతోందో ఏవిటో” అని నిట్టూరుస్తున్నాడట. ఇంకొకాయన కూతురు టీలో పంచదార సగమే వెయ్యమంటోందట. వాళ్లింట్లో ఎవరూ టీ తాగరు. వీరభద్రం వాళ్ల నాన్న అయితే రెండు చేతులూ జోడించాడు. “మావోడు నన్ను ‘బాబూ’ అంటన్నాడండి. నాకు నలభై రెండేళ్లండి.”

బుధవారం నఫీసా నుంచి ఫోను వచ్చింది.

“మాస్టారూ, మీకు బావమరిది ఉన్నారా?”

“ఉన్నాడమ్మా. ఏం?”

“ఆయన మీద నాకు మహా కోపంగా ఉందండి. ఎందుకో తెలియదు. నేనాయన్ని చూడనైనా లేదు. నిన్న వంటింట్లో నాకు తెలియకుండానే మీ చర్చి పాటేదో పాడుతుంటే మా అమ్మీ గరిటె కింద పెట్టి నా మొహం వంకే చూసింది.”

నఫీసా గొంతు సవరించుకుంది, అచ్చం కృపారావు గారిలాగే. “తప్పెక్కడ జరిగిందో అర్థమైంది మాస్టారూ. ఎక్కాలు తను ఎప్పుడు నేర్చుకున్నాడో ఆ లెక్కల మాస్టారికే గుర్తు లేదు. అందుకే అవి శుభ్రంగా వెళ్లాయి. మీకేమో చరిత్రలో ప్రతి ముక్కా ఎక్కడ కూర్చుని చదివారో గుర్తుంది. పాఠంతో పాటు మీరు కూడా వెళ్లిపోయారు.”

“తీసెయ్యగలవా?”

“లేదండి. వాళ్లంతట వాళ్లు కొత్తవి నేర్చుకుంటే మీరు కొంచెం కొంచెంగా అడుక్కి వెళతారు. అప్పటిదాకా మీరు ముప్పై ఏడు మంది. నాతో కలిపి. మీతో కలిపితే ముప్పై ఎనిమిది.”

ఆ ఆదివారం చర్చి నుంచి వస్తూ సువార్తమ్మ బజారులో నాగమణి దగ్గర ఆగింది. గంపలో బొమ్మిడాయిలు కదులుతున్నాయి. ఆదివారం బొమ్మిడాయిల పులుసు వాళ్లింట్లో ఇరవై ఆరేళ్ల ఆచారం.

“ఓ కేజీ వెయ్యి నాగమణీ. మాస్టారికి ప్రాణం.”

నాగమణి చెయ్యి తక్కెడ మీదే ఆగిపోయింది. “అమ్మగారూ, ఏవీ అనుకోరు కదా? మా పిల్ల పది రోజుల్నుంచి ఈ సేప వాసనొత్తే ముక్కు మూసుకుంటందండి. నా కడుపున పుట్టి! ఏవే అంటే, ‘మాస్టారికి ఇరవై ఆరేళ్లుగా ఇది గొంతు దిగట్లేదమ్మా, సువార్త నొచ్చుకుంటుందని మింగుతున్నారు’ అంటదండి. మిమ్మల్ని పేరెట్టి పిలిచినందుకు ఒకటిచ్చుకున్నాలెండి.”

సువార్తమ్మ చేపలు తీసుకోలేదు. ఇంటికీ వెళ్లలేదు. తిన్నగా నాగమణి ఇంటికి వెళ్లి, వాకిట్లో బట్టలు ఆరేస్తున్న భవ్య ఎదురుగా నిలబడింది.

“ఇంకేం తెలుసే నీకు మా ఆయన గురించి?”

భవ్య తడిబట్ట పిండుతూ ఆలోచించింది. “అది వెర్సేల్స్ సంధితో వచ్చిందండి. మీ పెళ్లైన వారానికి ఆయన ఆ పాఠం చదువుకుంటున్నారండి. మీరు మొదటిసారి ఆ పులుసు పెట్టారండి. వండేప్పుడు నూనె చింది మీ మణికట్టు కాలింది. మీరు కొంగు కప్పేసుకుని వడ్డించారండి. ఆయన చూశారండి. అందుకే కంచం ఖాళీ చేసి, చాలా బాగుంది అన్నారండి.”

సువార్తమ్మ ఎడమచేతి మణికట్టు వైపు చూసుకుంది. అక్కడ చింతగింజంత మచ్చ ఇంకా ఉంది. వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది.

మాస్టారు వాకిట్లోనే నిలబడి ఉన్నారు. ఆవిడ చేతి సంచీ ఖాళీగా ఉండడం చూడగానే ఆయనకు విషయం అర్థమైపోయింది.

“ఇరవై ఆరేళ్లు!” అంది సువార్తమ్మ. “బూడిదేసి తోమి తోమి నా చేతులు పోయాయి. ఆ జిగురు చూస్తేనే నాకు కడుపులో తిప్పుతుంది. అయినా మీకు ప్రాణమని వండుతున్నాను!”

“అంటే నీకు కూడా...”

“నాకు పుట్టినప్పట్నించీ పడదు!”

ఆ మధ్యాహ్నం ఇద్దరూ పప్పుచారు, అప్పడాలతో భోంచేశారు. మధ్యమధ్యలో ఒకరినొకరు చూసుకుని ఆగకుండా నవ్వారు. తిన్నాక సువార్తమ్మ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఎడం మోకాలికి నూనె రాసింది. ఆ వార్తా ఆవిడకు భవ్యే చేరవేసిందని వేరే చెప్పనక్కర్లేదు.

కానీ అన్నీ నవ్వుకునే సంగతులు కావు. మరునాడు మాస్టారు క్లాసులో ఒక పని చేశారు. ఒక దేశంలో జరుగుతున్న యుద్ధం గురించి పేపరు ముక్క చదివి, “మీరేమనుకుంటున్నారు?” అని అడిగారు. ముప్పై ఆరుగురూ ఒకటే అన్నారు. అది ఆయన అభిప్రాయం. పోనీ కొట్టుకోండర్రా అన్నట్టు తనే ఎదురు వాదన మొదలుపెట్టారు. ఎవరూ కదల్లేదు. తనతో తనే వాదించుకుంటున్నట్టు ఉంది.

“సరే, మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు చెప్పు భవ్యా.”

“రహస్య కూటములు, సైనికవాదం, సామ్రాజ్యవాదం, ఉగ్ర జాతీయవాదం అండి. యువరాజును కాల్చి చంపడం తక్షణ కారణం అండి” అంది భవ్య గట్టి గొంతుతో. అని వెంటనే కిటికీలోంచి బయటికి చూసింది. ఆమెతో పాటు మిగతా ముప్పై ఐదుగురూ కిటికీ వైపు తిరిగారు.

“అక్కడేముంది?”

“ఏం లేదండి. అక్కడికి రాగానే మీరు అటు చూస్తారు కదండీ. ఎవరైనా ‘రెండు గుండ్లు పేలితే నాలుగేళ్ల యుద్ధం ఎలా వచ్చిందండీ’ అని అడుగుతారేమోనని. అది మీకు ఎప్పుడూ అర్థం కాలేదు కదండీ.”

క్లాసులో ఎవరూ నవ్వలేదు. వాళ్లకీ అది అర్థం కాలేదు. అర్థం కాకపోవడం కూడా ఆయన దగ్గర్నుంచే వచ్చింది, దాన్ని దాచుకునే పద్ధతితో సహా. కృపారావు గారు సుద్దముక్క బల్ల మీద పెట్టి, గంట కొట్టకముందే బయటికి వచ్చేశారు.

అసలు ప్రమాదం ప్రీఫైనల్ పరీక్షలతో వచ్చింది. ఆ పేపర్లు వేరే ఊళ్లో దిద్దారు. ముప్పై ఆరు జవాబు పత్రాలు, ఒకటే చేతిరాత కాదన్న మాటే గానీ మిగతాదంతా ఒకటే. ఒకే వాక్యాలు, ఒకే చోట కొట్టివేత. సూయజ్ కాలువ తెరిచిన సంవత్సరం అందరూ పద్దెనిమిది వందల తొంభై ఆరు అని రాశారు. అది అరవై తొమ్మిది. విద్యార్థిగా ఉన్నప్పుడు కృపారావు గారు నోట్సులో అంకెలు తారుమారుగా రాసుకున్నారు. ఇన్నేళ్లలో ఎవరూ సరిచూడలేదు.

మూకుమ్మడి కాపీయింగ్ అని కేసు రాశారు. విచారణకు పెనుమత్స రంగరాజు గారనే అధికారి వచ్చారు. నవ్వు మొహం కాదు. వచ్చీ రావడంతోనే వీరభద్రాన్ని ఒక గదిలో, భవ్యను ఇంకో గదిలో కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగారు. ఇద్దరూ లేని కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, “చెబుతాను బాబూ, రాసుకో” అన్నారు.

రంగరాజు గారు హెడ్మిస్ట్రెస్ గదిలోకి వచ్చి మంచినీళ్లు తాగారు. కృపారావు గారూ, కాకినాడ నుంచి పరుగున వచ్చిన నఫీసా ఆయన ఎదురుగా నిలబడ్డారు. నఫీసా పెట్టె, టోపీలు, తీగలు, కాగితాలు అన్నీ చూపించింది.

“మీ యంత్రాన్ని నేను నమ్ముతున్నానమ్మా” అన్నారాయన అంతా విని. “అందుకే అడుగుతున్నాను. ఆ జవాబులు ఎవరివి? పిల్లలవా, మాస్టారివా?”

నఫీసా పెట్టె మూత వేసింది.

“మాస్టారివండి” అన్నారు కృపారావు గారు.

“మరి పక్కవాడి జవాబు రాస్తే దాన్నేమంటారు? కాగితంలోంచి చూస్తే కాపీ, తలలోంచి చూస్తే కాదా? వీళ్లని పబ్లిక్ పరీక్షకు కూర్చోనివ్వకూడదు. రూలు అదే.”

“అయ్యా, తప్పు నాది. పిల్లల ఏడాది పోతుందండి.”

రంగరాజు గారు కిటికీలోంచి బయటికి చూశారు. వరండాలో ముప్పై ఆరుగురు ఒకే రకంగా చేతులు వెనక్కి కట్టుకుని, ఒకే రకంగా పచార్లు చేస్తున్నారు. ఆయన మీసం కింద ఏదో కదిలింది.

“పది రోజులు టైమిస్తాను. మళ్లీ వస్తాను. ఒక్కొక్కరూ ప్రపంచ చరిత్రలోంచో, ఇవాళ్టి ప్రపంచంలోంచో ఒక విషయం చెప్పాలి. అది ఈ మాస్టారికి తెలియనిదై ఉండాలి. ఆయనకు తెలిస్తే లెక్కలోకి రాదు. అలా చెప్పినవాళ్లే పరీక్షకు కూర్చుంటారు.”

ఆ పది రోజులూ కృపారావు గారు జీవితంలో ఎన్నడూ చేయని పని చేశారు. పాఠం చెప్పలేదు. పిల్లలు ఊరి మీద పడ్డారు. వీరభద్రం తన ముత్తాత రెండో ప్రపంచ యుద్ధంలో రంగూన్ నుంచి ఎలా నడిచి వచ్చాడో తాతతో చెప్పించుకున్నాడు. ఒకమ్మాయి, అదే యుద్ధంలో కాకినాడ మీద బాంబులు పడ్డ రోజున మంచం కింద దూరిన ఒక పెద్దాయన్ని పట్టుకుంది. ఇంకొకమ్మాయి అన్నయ్య సరుకుల ఓడలో పనిచేస్తాడు. ఎర్ర సముద్రం దారి వదిలేసి తన ఓడ ఆఫ్రికా చుట్టూ ఎందుకు తిరిగి వస్తోందో అతను రోజూ ఫోన్లో చెబుతున్నాడు.

విన్న ప్రతిదీ ఎవరికి చెప్పాలనిపిస్తుంది? మాస్టారికే. పరిగెత్తుకొచ్చేవారు. ఆయన రెండు చెవులూ మూసుకుని వరండాలో పారిపోయేవారు. “చెప్పకు! నాకు తెలిస్తే నీకు పోతుంది!”

“ఇదొక్కటి వినండి మాస్టారూ, ఇది మీ తప్పేనండి. కాలువ అరవై తొమ్మిదిలోనంటండి!” అని ఓడ అమ్మాయి వెనకాలే అరిచింది.

ఆసుపత్రిలో ముసలి రోగుల చుట్టూ పిల్లలు మూగుతుంటే సువార్తమ్మ మందులిస్తూ అన్నీ వింటోంది. రాత్రి భోజనాల దగ్గర మాస్టారు నెమ్మదిగా అడిగేవారు. “ఆ రంగూన్ ఆయన దారిలో ఏం తిన్నాడటే?”

“నాకు తెలుసు. చెప్పను” అనేది ఆవిడ అప్పడం విరుస్తూ.

ఇన్నేళ్లలో ఆయనకు చరిత్ర కోసం అంత నోరూరడం అదే మొదలు.

పదో రోజున రంగరాజు గారు వచ్చి బల్ల ముందు కూర్చున్నారు. పద్ధతి ఆయనే పెట్టారు. పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వచ్చి తమ విషయం చెబుతారు. తరవాత మాస్టారిని పిలిచి, అది తెలుసా అని అడుగుతారు.

వీరభద్రం వచ్చాడు, చెప్పాడు. మాస్టారిని పిలిచారు. “పద్దెనిమిది రోజుల నడకలో ఈ అబ్బాయి ముత్తాత భుజాన ఏం మోసుకొచ్చాడో మీకు తెలుసా?”

కృపారావు గారు జవాబు చెప్పబోయి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. పిల్లల ముందు ఇరవై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా అనని మాట అది. “నాకు... తెలియదండి.”

“కుట్టు మిషనండి!” అన్నాడు వీరభద్రం, ఇక చెప్పకుండా ఉండలేక.

అయిదో పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆ మాట కాస్త తేలికైంది. పదిహేనో పిల్ల దగ్గర అడగకముందే వచ్చేసింది. ముప్పయ్యో పిల్లవాడి దగ్గర ఆయన తలుపులోంచే, “తెలియదండీ! నిజంగా తెలియదు!” అని సంబరంగా అరిచి కుర్చీలో కూర్చున్నారు. పిల్లలు వరండాలో ఒక్కొక్కసారికీ చప్పట్లు కొడుతున్నారు.

చివరికి భవ్య వచ్చింది. అప్పటికి మాస్టారు బయటికి వెళ్లడం మానేసి కుర్చీలోనే ఉన్నారు.

“మా అమ్మమ్మ అచ్చియ్యమ్మ కువైట్లో ఇంటిపనికి వెళ్లిందండి. పందొమ్మిది వందల తొంభై, ఆగస్టు రెండున ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించిందండి.”

రంగరాజు గారు పెన్ను పైకెత్తారు. “ఆగమ్మా. మాస్టారూ, ఇది మీకు తెలుసా?”

కృపారావు గారి మొహం తెల్లబోయింది. ఆ రోజుల్లో ఆయన పేపర్లన్నీ దాచుకున్నారు. తేదీలు, సైన్యాలు, తీర్మానాలు అన్నీ తెలుసు. అబద్ధం ఆడొచ్చు. అది ఆయనకు అలవాటైన పనే. భవ్య వైపు చూశారు.

“తెలుసండి” అన్నారు.

వరండాలో చప్పట్లు ఆగిపోయాయి.

“ఇంకా అయిపోలేదండి” అంది భవ్య. ఈసారి కళ్లజోడు తడుముకోలేదు. “ఇంటివాళ్లు సెలవులకు వేరే దేశం వెళ్లారంటండి. మూడంతస్తుల ఇంట్లో అమ్మమ్మ ఒక్కతే. సిపాయిలు తలుపు బాదారంట. ఇక చచ్చాననుకుందంట. తీస్తే, ఒక కుర్ర సిపాయి మాసిన చొక్కా చూపించి, లోపలున్న వాషింగ్ మిషను వైపు వేలు చూపాడంట. వాళ్లకది నడపడం రాదంటండి. అమ్మమ్మ ఉతికి ఇచ్చింది. మర్నాటికి వాకిట్లో పన్నెండు మంది వరస కట్టారంట. కువైట్‌ను పట్టుకున్నారు గానీ మిషను పట్టుకోలేకపోయారు అంటదండి మా అమ్మమ్మ.”

రంగరాజు గారి మీసం కింద ఈసారి కదిలింది నవ్వేనని అందరికీ కనబడింది.

“నాలుగు రోజులు ఉతికిందండి. వంటింటి అరబ్బీ కొద్దిగా వచ్చు. ఆ కుర్రాణ్ని అడిగిందంట, మీరెందుకొచ్చారు నాయనా అని. ‘బండెక్కమన్నారు, ఎక్కాం’ అన్నాడంట. తరవాత అమ్మమ్మ బస్సులో అమ్మాన్ దాకా వెళ్లి, ఎడారిలో గుడారంలో ఇరవై రోజులుండి విమానం ఎక్కిందండి. ఆ ఇంటి తాళంచేతులు ఇప్పటికీ మా బియ్యం డబ్బాలో ఉన్నాయండి.” రంగరాజు గారి వైపు తిరిగింది. “యుద్ధం చమురు కోసమని పుస్తకంలో ఉందండి. కానీ ఏమీ తెలియనోళ్లు బండెందుకు ఎక్కారో పుస్తకంలో లేదండి. అది నాకు ఇంకా తెలియలేదు. మీకు తెలుసాండీ?”

రంగరాజు గారు చాలాసేపు పెన్ను మూత పెడుతూ, తీస్తూ ఉండిపోయారు. తరవాత మాస్టారి వైపు తిరిగారు.

“ఈ బట్టలుతికిన సంగతి మీకు తెలుసా?”

“తెలియదండి.”

“ఆఖర్న ఈ పిల్ల అడిగింది?”

“అది అసలే తెలియదండి.”

“నాకూ తెలియదు” అన్నారు రంగరాజు గారు, జాబితాలో ముప్పై ఆరో పేరు పక్కన టిక్కు పెట్టి.

నఫీసా పెట్టె జీపులోకి ఎక్కించుకుంది. ఈ యంత్రం ఎక్కాలకు పనికొస్తుంది, చరిత్రకు పనికిరాదు అని నివేదిక రాస్తానంది. వెళ్తూ వెళ్తూ, “మీ బావమరిదిని క్షమించేశానండి. మీరూ చూడండి” అంది. క్లాసులో మోచేతులు గోక్కోవడం నెలరోజుల్లో తగ్గింది. పిల్లలు ఒకరితో ఒకరు దెబ్బలాడుకోవడం మొదలుపెట్టారు. ఒకసారి వీరభద్రం లేచి, మాస్టారు చెప్పింది తప్పని గట్టిగా వాదించాడు. వీరభద్రం చెప్పిందే తప్పు. అయినా మాస్టారు ఆ రోజంతా హుషారుగా ఉన్నారు.

పరీక్షలు అయిపోయిన మర్నాడు సాయంత్రం కృపారావు గారు కొత్త నోటుపుస్తకం ఒకటి చంకలో పెట్టుకుని నాగమణి ఇంటికి వెళ్లారు. అరుగు మీద అచ్చియ్యమ్మ వల బాగుచేస్తోంది. ఆయన్ని చూసి లేవబోయింది.

“కూర్చోండమ్మా. మీ దగ్గర చదువుకుందామని వచ్చాను.”

“నాకాడేం సదువండీ మాస్టారూ! ఏలిముద్ర మనిషిని” అని నవ్వింది ఆవిడ. నవ్వు ఆగాక వల ఒళ్లో పెట్టుకుని, “మీరు పెద్ద సదువులు సదివారు. ఒకటడగనాండీ? ఆ కుర్రోడు బతికుంటాడంటారా?” అంది.

“తెలియదమ్మా” అన్నారు మాస్టారు.

అచ్చియ్యమ్మ తలూపింది. ఆయన అరుగు మీద, వల పక్కనే చతికిలబడి పెన్ను తీశారు.

“అతని పేరేమైనా చెప్పాడా?”

ఆవిడ ఒళ్లో వల తీసి పక్కన పెట్టింది. “ఈ కత ఊళ్లో ఎంతమందికో సెప్పానండి. మిషను కాడికొచ్చేతలికి నవ్వేసి ఎల్లిపోతారు. పేరు ఒక్కళ్లూ అడగలేదు.” వీధి వైపు చూసింది. “జాసిమండి. జాసిమ్.”

మాస్టారు కొత్త పుస్తకంలో మొదటి లైనులో ఆ పేరు రాసి, సరిగ్గా రాశానో లేదోనని ఆవిడకు చదివి వినిపించారు.